అవుట్‌లుక్‌లో మెనూలన్నీ మాయం, రిప్లై బటన్ కూడా లేదు: సాయం కావాలి

చీమకుర్తి డాక్స్ | మధ్యాహ్నం 12:40

అందరికీ నమస్కారం. గ్రానైట్ ఎక్స్‌పోర్ట్ ఆఫీసులో డాక్యుమెంట్ల పని నాది. పొద్దున్నుంచి అవుట్‌లుక్ తెరిస్తే పైభాగం మొత్తం ఖాళీగా ఉంది. ఫైల్, హోమ్, వ్యూ అనే పేర్లు లేవు, వాటి కింద ఉండే బటన్లూ లేవు. ఎడమ పక్క ఫోల్డర్ల వరస కూడా పోయింది. మెయిల్స్ మాత్రం వస్తున్నాయి, తెరిచి చదవగలుగుతున్నాను. జవాబు రాద్దామంటే రిప్లై ఎక్కడుందో తెలియడం లేదు.

సాయంత్రం లోపల చెన్నైలో కస్టమ్స్ ఏజెంటుకు ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు పంపాలి. ఒక్కో బ్లాకు కొలతలు వేసిన లిస్టు అది, ఈ సిస్టమ్‌లోనే ఉంది. మాకు ఎప్పుడూ వచ్చే సర్వీసు అబ్బాయికి ఫోన్ చేస్తే "ఫార్మాట్ కొట్టాలి మేడమ్, రేపొస్తా" అన్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది. విండోస్ 11, మైక్రోసాఫ్ట్ 365. ఎవరైనా చెప్పండి ప్లీజ్.

పెన్నా ఒడ్డు | 12:52

అక్కా, ఫార్మాట్ మాట పక్కన పెట్టండి. ఆ అబ్బాయిని ఇప్పుడే రావద్దనండి.

ముందు మీ డాక్యుమెంట్లు పోవాలి, మెనూ సంగతి తర్వాత చూద్దాం. బటన్లు కనబడకపోయినా కీబోర్డుతో అన్నీ నడుస్తాయి. కంట్రోల్, ఎన్ కలిపి నొక్కితే కొత్త మెయిల్ తెరుచుకుంటుంది. ఏదైనా మెయిల్ మీద ఉండి కంట్రోల్, ఆర్ నొక్కితే రిప్లై. షిఫ్ట్ కూడా కలిపితే రిప్లై ఆల్. ఫార్వర్డ్‌కు కంట్రోల్, ఎఫ్. మిగతా ప్రోగ్రాముల్లో అది వెతకడానికి కదా, అవుట్‌లుక్‌లో మాత్రం ఫార్వర్డ్.

ఫైలు జతచేయడానికి అటాచ్ బటన్ అక్కర్లేదు. ఫోల్డర్‌లో ఫైలు మీద కంట్రోల్, సి కొట్టి, మెయిల్ రాసే చోట కంట్రోల్, వి కొట్టండి. అటాచ్‌మెంట్‌గా చేరిపోతుంది. పంపడానికి ఆల్ట్, ఎస్. అది పోయాక ఇక్కడికి రండి.

చీమకుర్తి డాక్స్ | మధ్యాహ్నం 1:15

అన్నా, వెళ్లిపోయింది! ఏజెంటు ఫోన్ చేసి వచ్చిందని కూడా చెప్పారు. మీకు ఎంతో రుణపడి ఉన్నాను. ఇప్పుడు మెనూలు ఎట్లా తెచ్చుకోవాలో చెప్పండి.

పెన్నా ఒడ్డు | 1:24

చాలా సంతోషం. ఒక సంగతి చూసి చెప్పండి. కుడివైపు పైమూల విండోను మూసే ఇంటూ గుర్తు, చిన్నది చేసే గీత కనబడుతున్నాయా? అవీ లేకపోతే ఫుల్ స్క్రీన్ మోడ్‌లో పడినట్టు. ఆ గుర్తులుండి, ఫైల్, హోమ్ పేర్లు కూడా ఉండి, కింద బటన్లు మాత్రమే లేకపోతే రిబ్బను, అంటే పైనుండే బటన్ల పట్టీ, ముడుచుకున్నట్టు. రెండింటికీ మందు వేరు.

చీమకుర్తి డాక్స్ | 1:31

ఇంటూ గుర్తు కూడా లేదు. కిందున్న టాస్క్‌బార్ మీద రైట్ క్లిక్ చేసి మూస్తున్నాను. నిన్న సాయంత్రం మా ఓనరు గారి మేనల్లుడు ఈ సిస్టమ్‌లో ఏదో ప్రింట్ తీసుకున్నాడు. అప్పుడు ఏదైనా నొక్కాడేమో.

పెన్నా ఒడ్డు | 1:40

అయితే ఫుల్ స్క్రీన్ మోడే. మౌస్‌ను స్క్రీన్ పై అంచుకు తీసుకెళ్లి అక్కడ క్లిక్ చేయండి, రిబ్బను కిందికి జారుతుంది. రాకపోతే ఆల్ట్ ఒక్కటే నొక్కి చూడండి. జారాక దాని కుడి చివర చిన్న బాణం గుర్తుంటుంది. అది నొక్కితే ఫుల్ స్క్రీన్ మోడ్, షో ట్యాబ్స్ ఓన్లీ, ఆల్వేస్ షో రిబ్బన్ అని వస్తాయి. ఆల్వేస్ షో రిబ్బన్ పెట్టుకోండి.

2013, 2016, 2019 వాడేవాళ్లకు ఇదే సంగతి పైమూలలో, విండో చిన్నది చేసే గీత పక్కన, పైకి బాణం ఉన్న చిన్న పెట్టె గుర్తులో ఉంటుంది. అక్కడ దాని పేరు ఆటో హైడ్ రిబ్బన్.

రిబ్బను ముడుచుకున్న వాళ్లకైతే కంట్రోల్, ఎఫ్1 చాలు. మళ్లీ అదే నొక్కితే మళ్లీ ముడుచుకుంటుంది. ఇంకేదో నొక్కబోయి కంట్రోల్, ఎఫ్1 నొక్కేవాళ్లు, ట్యాబ్ పేరు మీద పొరపాటున డబుల్ క్లిక్ చేసేవాళ్లు చాలామంది. రెంటికీ ఫలితం ఒకటే, రిబ్బను ముడుచుకుంటుంది.

ఎడమ పక్క ఫోల్డర్లకు ఆల్ట్, ఎఫ్1. లేదా వ్యూ ట్యాబ్‌లో ఫోల్డర్ పేన్, నార్మల్.

చీమకుర్తి డాక్స్ | 2:05

వచ్చేసింది అన్నా. ఫోల్డర్లూ వచ్చాయి. ఇంతోటిదానికి ఫార్మాట్ కొట్టించేదాన్ని.

రెండు సందేహాలు మిగిలాయి. రిబ్బను ఇంతకుముందు మూడు వరసల ఎత్తున ఉండేది, ఇప్పుడు ఒక్క వరసే ఉంది. మెయిల్‌ను పీడీఎఫ్ చేసే బటన్ ఒకటి హోమ్ ట్యాబ్‌లో ఉండేది, అది కనబడటం లేదు. మా బయ్యరుతో నడిచిన మెయిల్స్ అన్నీ పీడీఎఫ్‌గా ఫైల్లో పెట్టాలి, అది లేకపోతే కష్టం.

ట్రంకురోడ్డు సర్వీస్ | 2:10

నేను నెల్లూరులో సర్వీస్ షాపు నడుపుతాను. మెనూలు సరిగా లేకపోతే మేము ఆఫీస్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తాం. ఒక్కోటి వెతుక్కుంటూ కూర్చుంటే కస్టమరుకు టైము పోతుంది. అన్నీ ఫ్రెష్‌గా వచ్చేస్తాయి.

పెన్నా ఒడ్డు | 2:28

అన్నా, మీ అనుభవం మీద గౌరవంతోనే చెబుతున్నా. ఈ జబ్బుకు ఆ మందు పనిచేయదు. మెనూలు, బటన్లు ఎట్లా ఉండాలనే సెట్టింగులు ఆఫీస్ ప్రోగ్రాములో ఉండవు, విండోస్‌లో ఆ మనిషి యూజర్ ఫోల్డర్‌లో విడిగా చిన్న చిన్న ఫైళ్లలో ఉంటాయి. ఆఫీస్ తీసేసినా ఆ ఫైళ్లు అక్కడే ఉంటాయి. మళ్లీ వేయగానే ప్రోగ్రాము వాటినే చదువుకుంటుంది, కస్టమరు మళ్లీ అదే ఖాళీ స్క్రీన్ చూస్తాడు. అప్పుడు "ఇక విండోసే పోయింది" అని ఫార్మాట్ దాకా వెళ్తారు. నాకు భయం ఆ చివరి మెట్టు గురించే.

అదే సిస్టమ్‌లో వేరే విండోస్ యూజర్‌తో లాగిన్ అయి అవుట్‌లుక్ తెరిచి చూడండి. అక్కడ మెనూలు బాగుంటే తప్పు ప్రోగ్రాముది కాదని తేలిపోతుంది.

కావలి ట్రేడర్ | 2:47

ఈ ఫార్మాట్ సంగతి మీద నేనూ రాయాలి. రొయ్యల మేత వ్యాపారం మాది. మా ఆఫీసులోనూ ఇట్లాగే టూల్‌బార్ పోతే ఒక షాపుకు సిస్టమ్ పంపాం. వాళ్లు ఫార్మాట్ చేసి శుభ్రంగా తెచ్చిచ్చారు. టూల్‌బార్ వచ్చింది, పాత మెయిల్స్ మాత్రం ఒక్కటీ లేవు. మాది పాప్ అకౌంట్ అంట, మెయిల్ సిస్టమ్‌లోకి దిగగానే సర్వర్‌లోంచి పోయేటట్టు పెట్టి ఉందంట. డీలర్లు పంపిన బిల్లులు, ఒప్పుకున్న రేట్లు అన్నీ అందులోనే. జీఎస్‌టీ పని మీద ఆడిటర్ అడిగితే ఒక్కో డీలరుకు ఫోన్ చేసి మళ్లీ తెప్పించుకున్నాం. కొందరి దగ్గర వాళ్ల కాపీ కూడా లేదు.

దయచేసి ఎవరూ బ్యాకప్ చూసుకోకుండా సిస్టమ్ ఇవ్వొద్దు.

ఒంగోలు ఆడిట్ | 2:55

కావలి అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. మా దగ్గరికి వచ్చే వాళ్లలో సగం మందికి తమ మెయిల్స్ ఎక్కడ ఉంటాయో తెలియదు. ఆ ఫైలు ఎక్కడుంటుందో ఎవరైనా వివరంగా రాస్తే మా క్లయింట్లకు పంపుతాను.

పెన్నా ఒడ్డు | 3:20

రాస్తాను. ఇది మెనూల కన్నా ముఖ్యమైన సంగతి.

పాప్ అకౌంట్ అయితే మెయిల్స్ పీఎస్టీ అనే ఫైల్లో ఉంటాయి. 2010 నుంచి అది మామూలుగా డాక్యుమెంట్స్‌లో అవుట్‌లుక్ ఫైల్స్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది. అంతకుముందు వెర్షన్లలో యూజర్ ఫోల్డర్ లోపల, మామూలుగా కంటికి కనబడని యాప్‌డేటాలో దాక్కుని ఉండేది. ఫార్మాట్ చేసేవాళ్లు డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ మాత్రమే కాపీ తీసుకుంటే పాత సిస్టమ్‌లలో అది మిగిలిపోయేది.

వెతుక్కోవడం ఎందుకు, అవుట్‌లుక్‌నే అడగొచ్చు. ఫైల్, అకౌంట్ సెట్టింగ్స్, మళ్లీ అకౌంట్ సెట్టింగ్స్, అందులో డేటా ఫైల్స్ ట్యాబ్. ప్రతి ఫైలు పేరు, అది ఉన్న చోటు పక్కపక్కన చూపిస్తుంది. అవుట్‌లుక్ పూర్తిగా మూసేసి ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌కో వేరే హార్డ్‌డిస్క్‌కో కాపీ చేసుకోండి. తెరిచి ఉండగా కాపీ చేయబోతే ఫైలు వాడుకలో ఉందని ఆపేస్తుంది.

ఐమ్యాప్, ఎక్స్‌ఛేంజ్ అకౌంట్లకు ఓఎస్టీ అనే ఫైలు ఉంటుంది. దాని అసలు కాపీ సర్వర్‌లో ఉంటుంది కాబట్టి అకౌంట్ మళ్లీ కలిపితే మెయిల్స్ దిగుతాయి. అయినా "దిస్ కంప్యూటర్ ఓన్లీ" అని పక్కన రాసి ఉన్న ఫోల్డర్లు సర్వర్‌లో ఉండవు, అవి చూసుకోవాలి.

ఇందుకూరుపేట మిల్లు | 3:34

మంచి చర్చ. మాది రైస్ మిల్లు. పాత కంప్యూటర్, అవుట్‌లుక్ 2007. మా దాంట్లో ఈ రిబ్బను, కంట్రోల్ ఎఫ్1 ఏమీ లేవు. ఫైల్, ఎడిట్, వ్యూ అనే పాత వరస ఉండేది, అది మొత్తం పోయింది. రైట్ క్లిక్ చేసినా టూల్‌బార్ల పేర్లు సరిగా రావడం లేదు. ఏం చేయాలి?

పెన్నా ఒడ్డు | 3:50

మీది వేరే తరం. 2007లో మెయిల్ రాసే విండోకు రిబ్బను వచ్చింది, మెయిన్ విండోలో మాత్రం పాత మెనూలే. మెయిన్ విండోకు రిబ్బను వచ్చింది 2010లో. అందుకే ఇంటర్నెట్‌లో కనబడే సలహాలు మీకు సగం పనిచేస్తాయి, సగం చేయవు.

2003, 2007ల్లో టూల్‌బార్ల అమరిక అంతా అవుట్‌సీఎండీ (outcmd.dat) అనే ఒక్క ఫైల్లో ఉంటుంది. అది పాడైతే మెనూలు పోవడం, రెండేసి కనబడటం, నొక్కినా పలకకపోవడం, మనం పెట్టుకున్న బటన్లు పోయి ప్రతిసారీ మొదటికి రావడం, ఇవన్నీ జరుగుతాయి. అవుట్‌లుక్ మూసేయండి. విండోస్ గుర్తు, ఆర్ నొక్కి, రన్ పెట్టెలో పర్సంటు గుర్తు, యాప్‌డేటా, మళ్లీ పర్సంటు గుర్తు, మధ్యలో ఖాళీ లేకుండా ఇంగ్లీషులో కొట్టండి. తెరుచుకున్న చోట మైక్రోసాఫ్ట్, అందులో అవుట్‌లుక్ ఫోల్డర్. అక్కడ ఈ ఫైలుంటుంది. చెరపొద్దు, పేరు చివర పాతది అని తెలిసేటట్టు ఏదో ఒకటి చేర్చి పేరు మార్చండి. అవుట్‌లుక్ తెరిస్తే కొత్త ఫైలు తనే తయారు చేసుకుంటుంది, మెనూలు ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు ఉంటాయి. మెయిల్స్‌కు ఏమీ కాదు.

ఇందుకూరుపేట మిల్లు | 4:12

పేరు మార్చాను. మెనూ వరస వచ్చింది సార్. మెనూ తెరిస్తే మాత్రం సగం ఐటమ్సే కనబడుతున్నాయి, కింద రెండు బాణాల గుర్తుంది.

ఒంగోలు ఆడిట్ | 4:16

ఇది నాకు తెలుసు. ఎక్కువ వాడే ఐటమ్స్ మాత్రం చూపించి, మిగతావి దాచే పద్ధతి అది. టూల్స్ మెనూలో కస్టమైజ్, ఆప్షన్స్ ట్యాబ్, "ఆల్వేస్ షో ఫుల్ మెనూస్" దగ్గర టిక్ పెట్టండి.

పెన్నా ఒడ్డు | 4:22

అవును, అదే. మిల్లు అన్నా, ఇంకో మాట. ఆఫీస్ 2007కు మైక్రోసాఫ్ట్ సపోర్టు 2017 అక్టోబరు 10తో ఆగిపోయింది. ఆ తర్వాత సెక్యూరిటీ అప్‌డేట్లు లేవు. బ్యాంకు మెయిల్స్, పేమెంట్ మెయిల్స్ అందులో తెరుస్తుంటే త్వరగా మారండి. 2010కి 2020 అక్టోబరు 13న, 2016, 2019లకు 2025 అక్టోబరు 14న ఆగిపోయింది.

కందుకూరు నెట్ సెంటర్ | 4:40

మా సెంటర్‌కు వచ్చే వాళ్లది ఇంకో సమస్య. "నిన్నటిదాకా ఒక రకంగా ఉంది, ఇవాళ తెరిస్తే వేరే రకంగా ఉంది, ఫైల్‌లో ఆప్షన్స్ లేదు, మా బటన్లు లేవు" అంటారు. ఒకరికి అవుట్‌లుక్ గుర్తులే రెండున్నాయి. ఏది అసలుదో నాకూ అర్థం కాలేదు.

పెన్నా ఒడ్డు | 4:58

రెండూ అసలువే, వేర్వేరు ప్రోగ్రాములు. ఆఫీస్‌తో వచ్చేది క్లాసిక్ అవుట్‌లుక్. విండోస్‌తో ఉచితంగా వచ్చేది కొత్త అవుట్‌లుక్. గుర్తు మీద న్యూ అని చిన్నగా ఉంటే అది కొత్తది. విండోస్‌లో ఉండే మెయిల్ యాప్‌కు 2024 డిసెంబరు 31తో సపోర్టు ఆపి వాళ్లను ఇటు మళ్లించారు. కాబట్టి మీ దగ్గరకు వచ్చే వాళ్లలో కొందరు మెయిల్ యాప్ నుంచి మారినవాళ్లు అయ్యుంటారు. కొందరు క్లాసిక్‌లో కుడిపైన "ట్రై ద న్యూ అవుట్‌లుక్" అనే స్విచ్చి నొక్కినవాళ్లు.

కొత్తదాంట్లో సెట్టింగులన్నీ పైన పళ్లచక్రం గుర్తులో ఉంటాయి, ఫైల్‌లో ఆప్షన్స్ అని వెతికితే దొరకదు. ఆఫీస్ ఉన్నవాళ్లు వెనక్కి రావాలంటే కుడిపైన అదే స్విచ్చి ఆపేస్తే చాలు. స్విచ్చి లేకపోతే హెల్ప్ ట్యాబ్‌లో "గో టు క్లాసిక్ అవుట్‌లుక్" చూడండి. ఆఫీస్ కొనని వాళ్లకు వెనక్కి రావడానికి క్లాసిక్ ఉండదు, వాళ్లకు ముందే చెప్పేయండి, లేకపోతే ఊరికే తిరుగుతారు.

కామ్ యాడ్-ఇన్‌లు, అంటే వేరే ప్రోగ్రాములు అవుట్‌లుక్‌లో పెట్టే బటన్లు, కొత్తదాంట్లో అసలు నడవవు. చీమకుర్తి అక్కా, మీరు ఉన్నది క్లాసిక్‌లోనేనా? పీడీఎఫ్ బటన్ గురించి అడుగుతున్నా.

చీమకుర్తి డాక్స్ | 5:10

క్లాసిక్‌లోనే. ఫైల్‌లో ఆప్షన్స్ ఉంది, చూశాను.

పెన్నా ఒడ్డు | 5:25

అయితే దొరుకుతుంది.

ఒక్క వరస రిబ్బను సంగతి ముందు. అది సింప్లిఫైడ్ రిబ్బను. కుడి చివర ఉన్న కింది బాణం నొక్కి క్లాసిక్ రిబ్బన్ ఎంచుకోండి. ఒక్క వరసలో పట్టని బటన్లు మూడు చుక్కల గుర్తులోకి పోతాయి, మీ బటన్ అక్కడ కూడా ఉండొచ్చు.

అక్కడా లేకపోతే ఫైల్, ఆప్షన్స్, యాడ్-ఇన్స్. అడుగున మేనేజ్ దగ్గర కామ్ యాడ్-ఇన్స్ పెట్టి గో నొక్కండి. పీడీఎఫ్ పేరు ఎదుట టిక్ తీసేసి ఉంటే పెట్టండి. అవుట్‌లుక్ తెరుచుకునేటప్పుడు ఏ యాడ్-ఇన్ అయినా పదేపదే ఒక సెకను కన్నా ఎక్కువ ఆలస్యం చేస్తే ప్రోగ్రామే దాన్ని ఆపేస్తుంది. ఫైల్ నొక్కితే వచ్చే పేజీలో "స్లో అండ్ డిజేబుల్డ్ కామ్ యాడ్-ఇన్స్" అని ఉంటే, అందులో "ఆల్వేస్ ఎనేబుల్" పెట్టుకోండి.

ట్రంకురోడ్డు సర్వీస్ | 5:41

పెన్నా అన్నా, మీరు చెప్పినట్టు షాపులో ఒక సిస్టమ్‌లో వేరే యూజర్‌తో తెరిచి చూశాను. అక్కడ మెనూలు బాగున్నాయి. ఆ కస్టమరుది రిబ్బను వచ్చి పోతూ ఉంటుంది, ఒక్కోసారి తెల్లగా అయిపోతుంది. దీన్ని ఏ వరసలో చూడాలి?

పెన్నా ఒడ్డు | 6:05

అడిగినందుకు చాలా సంతోషం అన్నా, మీలాంటి వాళ్లకు తెలిస్తే ఊరంతటికీ మేలు.

సేఫ్ మోడ్‌తో మొదలుపెట్టండి. రన్ పెట్టెలో అవుట్‌లుక్ ఈఎక్స్ఈ అని, ఒక ఖాళీ వదిలి, స్లాష్ సేఫ్ అని ఇంగ్లీషులో కొట్టండి. లేదా కంట్రోల్ నొక్కిపట్టి గుర్తు మీద డబుల్ క్లిక్ చేస్తే, సేఫ్ మోడ్‌లో తెరవాలా అని అదే అడుగుతుంది. ఇందులో యాడ్-ఇన్‌లు రావు, మనం చేసుకున్న టూల్‌బార్ మార్పులూ రావు. ఇక్కడ బాగుంటే ఆ రెండింట్లో ఒకటే దొంగ. యాడ్-ఇన్‌లన్నీ ఆపి, ఒక్కోటి పెడుతూ ప్రతిసారీ మూసి తెరిచి చూడండి. అందులో దొరక్కపోతే ఆప్షన్స్‌లో కస్టమైజ్ రిబ్బన్, అడుగున రీసెట్.

సేఫ్ మోడ్‌లోనూ అట్లాగే ఉంటే అప్పుడు రిపేర్. ప్రోగ్రామ్స్ అండ్ ఫీచర్స్‌లో ఆఫీస్ మీద ఛేంజ్ నొక్కితే క్విక్ రిపేర్, ఆన్‌లైన్ రిపేర్ అని రెండు వస్తాయి. మొదటిది నెట్ లేకుండానే నడుస్తుంది, దానితోనే మొదలుపెట్టండి. రెండోది దాదాపు మళ్లీ ఇన్‌స్టాల్ చేసినట్టే, మంచి నెట్ ఉండాలి. ఆ తర్వాత కంట్రోల్ ప్యానెల్‌లో మెయిల్, షో ప్రొఫైల్స్, యాడ్ నొక్కి కొత్త ప్రొఫైల్. పాత ప్రొఫైల్‌ను తీసేయకుండా పక్కన ఉంచి చేయండి.

మార్కాపురం పలకలు | 6:20

మేము థండర్‌బర్డ్ అనే వేరే మెయిల్ ప్రోగ్రాము వాడతాం. మాకూ మెనూ వరస కనబడదు. దానికీ ఇదేనా?

ఒంగోలు ఆడిట్ | 6:26

థండర్‌బర్డ్‌లో ఆల్ట్ నొక్కితే మెనూ వరస పైకి వస్తుంది. అప్పుడు వ్యూ, టూల్‌బార్స్, మెనూ బార్ దగ్గర టిక్ పెడితే ఎప్పటికీ ఉంటుంది.

ఇంకో సంగతి, మా ఆఫీసులో చూసింది. మానిటర్ 1366, 768 సైజుది, విండోస్ డిస్‌ప్లే స్కేల్ 150 శాతం పెట్టారు, అక్షరాలు పెద్దగా కనబడాలని. అంత చోటులో రిబ్బను పట్టక బటన్లు గుంపులు గుంపులుగా ముడుచుకుని చిన్న బాణాలుగా మిగిలాయి. స్కేల్ 100కు తెస్తే అన్నీ కనబడ్డాయి. కళ్లకు ఇబ్బంది ఉన్నవాళ్లు స్కేల్ అట్లాగే ఉంచి, రోజూ వాడే బటన్లను క్విక్ యాక్సెస్ టూల్‌బార్‌లో పెట్టుకోవచ్చు. బటన్ మీద రైట్ క్లిక్ చేసి "యాడ్ టు క్విక్ యాక్సెస్ టూల్‌బార్".

చీమకుర్తి డాక్స్ | 6:45

పీడీఎఫ్ బటన్ వచ్చింది! స్లో యాడ్-ఇన్స్‌లోనే ఉంది. ఆల్వేస్ ఎనేబుల్ పెట్టాను.

ఇంకో చిన్న సందేహం. రిప్లై కొడితే వేరే విండో రాకుండా చదివే చోటే రాసుకోమంటుంది. అక్కడ ఆప్షన్స్ ట్యాబ్ లేదు, బీసీసీ, అంటే మిగతావాళ్లకు కనబడకుండా పోయే కాపీ, పెట్టడానికి వీలు కావడం లేదు. ఓనరు గారికి ప్రతి మెయిల్ బీసీసీ వెళ్లాలి.

పెన్నా ఒడ్డు | 6:58

రాసే చోట పైన పాప్ అవుట్ అని ఉంటుంది, నొక్కితే విడి విండో అవుతుంది, ఆప్షన్స్ ట్యాబ్ వస్తుంది. అందులో బీసీసీ ఒకసారి నొక్కి ఉంచితే తర్వాతి మెయిల్స్‌కూ ఉంటుంది. ప్రతిసారీ విడి విండో కావాలంటే ఫైల్, ఆప్షన్స్, మెయిల్, రిప్లైస్ అండ్ ఫార్వర్డ్స్ దగ్గర "ఓపెన్ రిప్లైస్ అండ్ ఫార్వర్డ్స్ ఇన్ ఎ న్యూ విండో"కు టిక్ పెట్టండి.

ఒకటి గుర్తు పెట్టుకోండి. మెయిన్ విండోకు, మెయిల్ చదివే విండోకు, రాసే విండోకు రిబ్బను సెట్టింగులు వేర్వేరు. ఒకచోట సరిచేసినా ఇంకోచోట ముడుచుకుని ఉండొచ్చు, అక్కడ కూడా కంట్రోల్, ఎఫ్1 కొట్టాలి.

బటన్లన్నీ మీకు నచ్చినట్టు సర్దుకున్నాక కస్టమైజ్ రిబ్బన్‌లో ఇంపోర్ట్/ఎక్స్‌పోర్ట్ నొక్కి ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ ఫైలు దాచుకోండి. రేపు ఎవరైనా మళ్లీ చెడగొడితే దాన్నే ఇంపోర్ట్ చేయొచ్చు.

చీమకుర్తి డాక్స్ | 7:20

బీసీసీ వచ్చింది. ఎక్స్‌పోర్ట్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టాను. డేటా ఫైల్స్ కూడా చూశాను, మాది పాప్ అకౌంటే, పీఎస్టీ డాక్యుమెంట్స్‌లోనే ఉంది. అవుట్‌లుక్ మూసి దాన్ని కూడా కాపీ పెట్టాను, పెద్ద ఫైలు, ఇంకా ఎక్కుతూ ఉంది. సర్వీసు అబ్బాయికి రేపు రావద్దని ఫోన్ చేసి చెప్పాను, ఈ చర్చ లింకు కూడా పంపాను.

కావలి ట్రేడర్ | 7:26

కాపీ అయ్యాక పెన్‌డ్రైవ్‌లో ఫైలు సైజు, సిస్టమ్‌లో సైజు సమానంగా ఉన్నాయా చూసుకోండమ్మా. ఆ తర్వాతే పెన్‌డ్రైవ్ తీయండి.